బాణం గీత దాటితే

ఆ బండికి వెనక చక్రాలు రెండు, బ్రేకు మాత్రం ఒక్కటే. రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద కలిసి తిరుగుతాయి, కారుకున్నట్టు వెనకాల డిఫరెన్షియల్ ఉండదు. ఇరుసును ఒక్కచోట పట్టుకుంటే రెండూ ఆగుతాయి. ఆ పట్టుకునే చోటు కుడి చక్రానికి లోపలి వైపు, మూత బిగించిన డ్రమ్ములో ఉంటుంది. కుడి కాలి కింది పెడలూ ఎడమ చేతి లివరూ రెండూ లాగేది దాన్నే. సవారీకి వచ్చేవాళ్లకు ఈ సంగతి తెలియదు. చేతిది ఒక బ్రేకు, కాలిది ఇంకో బ్రేకు, ఒకటి పోతే ఇంకోటి ఉందిలే అని ధీమాగా ఎక్కేవాళ్లు. ముందు చక్రాలకు వేరే బ్రేకులున్నాయి, నిజమే. కాని ఇసుక దిబ్బ దిగేటప్పుడు ముందు బ్రేకును గట్టిగా పట్టినవాడు హ్యాండిల్ మీదుగా ముందుకు పోతాడు. అక్కడ మనిషిని కాపాడేది వెనకదే.

హోండా 1997 మోడలుగా బజారులోకి తెచ్చిన ఈ నాలుగు చక్రాల రీకాన్ బండ్లను నేను మొదట చూసింది 2007లో, దుబాయి నుంచి హత్తాకు పోయే రోడ్డు పక్కన. అల్ బదాయిర్ దిబ్బలంటే ఆ దేశంలో తెలియనివాళ్లు తక్కువ. పెద్ద దిబ్బను అందరూ బిగ్ రెడ్ అంటారు. చోటు షార్జాది, వచ్చే జనం ఎక్కువగా దుబాయివాళ్లు. ఇసుకలో ఇనుప తుప్పు కలిసి ఉండటం వల్ల ఆ ఎరుపు. పొద్దుగూకే వేళ చూడ్డానికి ఎంత బాగుంటుందో, గ్రీజు చేతికి అంటుకున్నప్పుడు అంత విసుగు పుట్టిస్తుంది. రోడ్డు వెంబడి కంచెలు కట్టి, బండ్లు వరసగా నిలబెట్టి, అరగంటకింత గంటకింత అని కిరాయికిచ్చే షెడ్లుండేవి. అలాంటి ఒక షెడ్డులో నాకు మెకానిక్కు పని.

మాది కోరుట్ల దగ్గర పల్లె. అప్పటికి జగిత్యాల ఇంకా జిల్లా కాలేదు, మేమంతా కరీంనగర్ కిందే. కోరుట్లలో మోటారు సైకిళ్ల షెడ్డులో సీడీ హండ్రెడ్‌లు, స్ప్లెండర్లు, చేతక్‌లు విప్పుతూ పని నేర్చుకున్నాను. వీసా కాగితం మీద మెకానిక్ అని ఉంటే కార్ల షెడ్డేమో అనుకుని బయల్దేరాను. దిగాక తెలిసింది, ఇసుకలో తిరిగే ఆట బండ్లని. నాకేమీ బాధనిపించలేదు. మా వైపు నుంచి మెకానిక్కని పోయి ఎడారిలో ఒంటెలు కాసినవాళ్లున్నారు. నా చేతిలో పానా పానాగానే ఉంది, అంతే చాలు.

షెడ్డు పెద్ద మెకానిక్కు పెషావర్ వైపు పఠాన్. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. యాభై దాటిన మనిషి. గల్ఫ్‌కు రాకముందు కొండదారుల లారీలకు బ్రేకులు చేసేవాడట. కొండ దిగే లారీ బ్రేకు చేసిన చెయ్యి కాబట్టి ఆట బండి బ్రేకును కూడా ఆట అనుకునేవాడు కాదు. మాట తక్కువ, అదీ ఉర్దూలో. నాకు హైదరాబాదీ హిందీ వచ్చు కాబట్టి సరిపోయింది.

బండ్ల వెంట దిబ్బల్లోకి పోయే గైడు పిల్లలు వచ్చి, "ఉస్తాద్, బ్రేక్ ఢీలా హై, జరా కస్ దో" అనేవాళ్లు. బ్రేకు వదులైంది, కొంచెం బిగించు. ఉస్తాద్ తల కూడా ఎత్తకుండా "కస్నా నహీ, ఖోల్నా" అనేవాడు. బిగించడం కాదు, విప్పాలి. ముదీర్, అంటే మేనేజరు, దగ్గర్లో లేకపోతే ఆ బండిని పక్కన పెట్టేవాడు. ఉంటే మాత్రం రెక్క నట్టు రెండు చుట్లు తిరిగేది, బండి మళ్లీ కిరాయికి పోయేది. కిరాయి షెడ్డులో లెక్క ఒకటే: నిలబడ్డ బండి నష్టం.

ఈ బిగించడం గురించి కొంచెం చెప్పాలి. డ్రమ్ము బ్రేకు చాలా పాత ఏర్పాటు. ఫ్రాన్సులో లూయీ రెనో 1902లోనే కార్లకు దీన్ని తెచ్చాడు. తిరిగే డ్రమ్ము లోపల కదలని ప్లేటు మీద అర్ధచంద్రాకారంలో రెండు షూలుంటాయి. ఒక కొస చీల దగ్గర ఆని ఉంటుంది, ఇంకో కొసన రెండింటి మధ్యా చదును తట్టిన ఇనుప కామ్ ఉంటుంది. పెడల్ తొక్కితే కామ్ పక్కకు తిరిగి షూలను విడదీసి డ్రమ్ము గోడకు అదుముతుంది. వదిలితే స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. డ్రమ్ము తిరిగే వైపుకే తెరుచుకునే షూను ఆ తిరుగుడే ఇంకా లోపలికి లాక్కుని అదుముతుంది. అందుకే చిన్న డ్రమ్ముకు కూడా అంత పట్టు. షూ మీది లైనరు అరిగేకొద్దీ కామ్ ఇంకొంచెం ఎక్కువ తిరగాలి. ఆ తేడా పెడల్ దగ్గర వదులుగా తెలుస్తుంది. రెక్క నట్టు బిగిస్తే వదులు పోతుంది, అరుగుడు పోదు. పైగా కాలికి బ్రేకు గట్టిగా తగులుతుంది కాబట్టి బాగైందనే అనిపిస్తుంది. అరిగిన బ్రేకుకూ కొత్త బ్రేకుకూ పెడల్ దగ్గర తేడా తెలియకుండా చేసేదే ఆ నట్టు.

దీన్ని పట్టుకోవడానికి కంపెనీవాళ్లు బయట ఒక గుర్తు పెట్టారు. కామ్ కొసన ఉండే చేతికి చిన్న బాణం, దాని ఎదుట ప్లేటు మీద ఒక గీత. బ్రేకు పూర్తిగా తొక్కిపట్టినప్పుడు బాణం గీత దగ్గరికి వచ్చిందంటే షూల పని అయిపోయినట్టే. నట్టు ఎంత బిగించినా బాణం మాత్రం దాచదు. ఇదే బాణం స్ప్లెండరుకూ ఉందని నాకు తెలుసు. కోరుట్లలో దాన్ని ఎవరూ చూసేవాళ్లు కాదు.

వారంలో మాకు గండం శుక్రవారం. గురువారం రాత్రే టైర్లలో గాలి దించిపెట్టాలి. ఈ బండి టైర్లకు మూడు పౌండ్లు కూడా అక్కర్లేదు, ముప్పై పౌండ్ల లెక్కలో అలవాటైన చేతికి అది పంక్చరయినట్టే ఉంటుంది. మామూలు గేజీలో ముల్లు కదలనే కదలదు, దానికి వేరే గేజీ. చలికాలంలో, అంటే అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, మధ్యాహ్నం మూడు దాటితే షెడ్డు ముందు కార్లకు చోటుండేది కాదు. రష్యావాళ్లు, ఫిలిప్పీన్స్‌వాళ్లు, అరబ్బు కుర్రాళ్లు, మన సాఫ్ట్‌వేరు కుటుంబాలు. ఒకసారి ఒక పెద్దాయన భార్యతో, "ఇది మన పొలంలోకి బాగా పనికొస్తది గదనే, మోటరు కాడికి పోయి రావచ్చు" అంటుంటే చెయ్యి ఆపి నవ్వాను. ఆయన మాట వెయ్యి రూపాయల మాట. ఈ బండ్లు పుట్టింది ఆటకే అయినా నిలబడ్డది పొలాల్లోనే. 1970లో హోండా మొదట తెచ్చింది మూడు చక్రాలది, బెలూను టైర్లతో. అవి బోల్తా కొట్టి జనం చావడంతో అమెరికాలో 1988లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని కంపెనీలు కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆపేశాయి. అలాంటి పాత మూడు చక్రాలది ఒకటి మా షెడ్డు మూలన తుప్పు పట్టి ఉండేది. దాన్ని ఎవరైనా స్టార్టు చెయ్యబోతే ఉస్తాద్ కసిరేవాడు.

ఎక్కే ముందు గైడ్లు రెండు నిమిషాలు పాఠం చెప్పేవాళ్లు. దిబ్బ ఎక్కుతూ మధ్యలో ఆగిపోయి వెనక్కి జారితే ఒళ్లు పైకి వంచి, ముందు బ్రేకు మెల్లగా పట్టుకోవాలి, బండి పూర్తిగా ఆగాకే వెనక బ్రేకు. వెనక్కి జారే బండికి వెనక బ్రేకు ఒక్కటే గట్టిగా వేస్తే ముందు చక్రాలు లేచి బండి మనిషి మీదికే వస్తుంది. పాఠమంతా విని తల ఊపి, ఎడమ లివరుకు వేసిన పార్కింగు కొక్కెం తీయకుండానే ఎక్సిలేటరు తిప్పేవాళ్లు. ఇంజను బలంగా ఉంటుంది కాబట్టి బండి కదులుతుంది. మనిషికి తెలియదు, డ్రమ్ముకు తెలుస్తుంది. గంట తర్వాత తిరిగి వచ్చిన బండి కుడి చక్రం దగ్గర కాలిన వాసన. అలా కాలిన లైనరు అద్దంలా మెరుస్తుంది, మందం ఉన్నా పట్టు ఉండదు.

అయితే ఆ బ్రేకులను తినేసింది వాళ్లు కాదు. ఇసుకా కాదు. ఇది నేను తర్వాత చాలామందితో వాదించిన సంగతి. డ్రమ్ముకు మూత ఉంది, మూత చుట్టూ రబ్బరు సీలుంది, ఇరుసు దూరే చోట ఇంకో సీలుంది. ఎండు ఇసుక అంత సులువుగా లోపలికి పోదు. రాత్రి బండ్లు కడిగే నీళ్లు పోతాయి. షెడ్డులో ప్రెషరు పంపు ఉండేది. దాని ముక్కు చక్రం నడుమ పెట్టి కొడితే, వేడెక్కిన డ్రమ్ము చల్లబడుతూ లోపలి గాలి ముడుచుకునే వేళకు నీళ్లు సీలు పెదవి కింద నుంచి దూరుతాయి, ఎర్ర ఇసుక నుసిని వెంటబెట్టుకుని. లోపలి గాలి పోయి రావడానికి డ్రమ్ము నుంచి పైకి ఒక సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది. అది ఊడిపోయిన బండి అయితే ఇక చెప్పనక్కర్లేదు. పొద్దున ఎడారిలో మంచు కురిసి బండ్లన్నీ తడిసే ఉంటాయి, లోపల తడి ఆరే దారి ఉండదు. నెల తిరిగేసరికి కామ్ తుప్పు పట్టి బిగుసుకుంటుంది.

కడిగే పని ఆర్మూరు అన్నది. నాకంటే ముందు వచ్చినవాడు, వంటా ఆయనదే. ఒకసారి చెప్పాను, "అన్నా, చక్రం నడుమ గంత జోరుగ కొట్టకే. లోపలికి నీళ్లు వోతున్నయ్."

"నేనేం జేయాల్నే తమ్మీ? మట్టి కనవడితె ముదీర్ నా జీతం గోస్తడు. లోపలిది ఆయనకు గనవడ్తదా?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. కనపడే మట్టికి ఆయన జీతం, కనపడని బురదకు మా పని.

జనవరిలో ఒక శుక్రవారం, మగ్రిబ్ అజాన్ దాటాక ఫోను వచ్చింది. ఒక బండి దిబ్బ నడుమ ఆగిపోయింది, ఇంజను నడుస్తోంది, చక్రం తిరగడం లేదు. ఎక్కినవాడు దిగి నడిచి వచ్చేశాడు. ఉస్తాదూ నేనూ పికప్పులో పోయాం. చీకట్లో టార్చి వేసి చూస్తే బండి వెనక భాగం ఇసుకలో కూరుకుపోయి ఉంది, ముక్కు లోయ వైపు. ఉస్తాద్ ఇంజను ముట్టుకోలేదు. నేరుగా కుడి చక్రం దగ్గర పడుకుని బ్రేకు చెయ్యి చూశాడు. రెక్క నట్టు మర చివరి దాకా బిగించి ఉంది, దాని వెనక ఇంకో వాషరు కూడా దూర్చి ఉంది. బాణం గీతను ఎప్పుడో దాటేసింది. లోపల ఏం జరిగిందో ఆయనకు విప్పకుండానే తెలుసు. షూలు మరీ అరిగిపోయాక కామ్ తిరగాల్సిన దానికంటే ఎక్కువ తిరిగింది. దాదాపు నిటారుగా నిలబడిపోయింది. అలా నిలబడ్డ కామ్‌ను స్ప్రింగులు వెనక్కి తిప్పలేవు. కుర్రాడు పెడల్ వదిలేశాడు, బ్రేకు మాత్రం వదల్లేదు.

దిగుతుండగా, సగం దారిలో, మెల్లగా పోతున్నప్పుడు పట్టుకుంది కాబట్టి ఆ పిల్లవాడు బతికి నడిచి వచ్చాడు. జోరుగా పోతున్నప్పుడైతే ఏమయ్యేదో ఉస్తాద్ చెప్పలేదు, నేను అడగలేదు. నట్టు పూర్తిగా విప్పి, బ్రేకు చేతిని సుత్తితో మెల్లగా కొట్టి వెనక్కి తెచ్చాడు. టక్కుమని వదిలింది. తాడు కట్టి లాక్కొచ్చాం.

ఆ రాత్రే విప్పాం. జాకీ మీద లేపి, చక్రం నాలుగు నట్లూ తీసి, ఇరుసు కొసన కాటర్ పిన్ను లాగి, పెద్ద నట్టు విప్పి, హబ్బు బయటికి తీశాం. డ్రమ్ము మూత బోల్టులు తుప్పుతో కదల్లేదు. ఉస్తాద్ తొందరపడే మనిషి కాదు. తుప్పు నూనె చల్లి, చాయ్ తాగి వచ్చి, బోల్టు తల మీద సుత్తితో రెండు దెబ్బలు వేసి, ముందు కొంచెం బిగించే వైపు కదిపి అప్పుడు విప్పాడు. మొండిగా లాగితే బోల్టు తల తెగి మూతలోనే ఉండిపోతుంది, అరగంట పని రెండు రోజులవుతుంది. మూత రాగానే లోపలి నుంచి ఎర్రటి నీళ్లు కారాయి. డ్రమ్ము ఇరుసు పళ్ల మీద నుంచి జారనంది. రెండు వైపులా మార్చి మార్చి చెక్క సుత్తితో తడితే మెల్లగా వచ్చింది.

లోపల ఎర్ర ఇసుక, లైనరు పొడి, నీళ్లు కలిసి ఎండిపోయిన గోరింటాకు ముద్దలా గడ్డ కట్టి ఉంది. ఒక షూ మీద లైనరే లేదు, ఇనుము ఇనుమునే రాసుకుంది. రెండోదాని మీద కాగితం మందం. డ్రమ్ము గోడకు గోరు దిగేంత గాట్లు పడ్డాయి. ఎంతవరకు అరగొచ్చో కొలత డ్రమ్ము మీదే పోతపోసి ఉంటుంది. కొలిచి చూస్తే అది ఎప్పుడో దాటింది. స్ప్రింగు కొక్కెం ఒకటి తుప్పుతో సన్నబడి విరగడానికి సిద్ధంగా ఉంది.

నేను అలవాటు కొద్దీ గాలి గొట్టం అందుకున్నాను. ఉస్తాద్ చెయ్యి పట్టుకున్నాడు. బ్రేకు పొడిని గాలితో కొట్టనిచ్చేవాడు కాదు, నోటితో ఊదనిచ్చేవాడు కాదు. తడి గుడ్డతో తుడిచి గుడ్డను సంచిలో కట్టి పారెయ్యాలి, లేదా స్ప్రే కొట్టి కింద పళ్లెంలోకి కడగాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. దాని నుసి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత గాని బయటపడదు. కంపెనీ షూలలో ఇప్పుడు అది ఉండదు, కాని బజారు సరుకు మీద ఎవరి హామీ? కోరుట్లలో మేం చక్రం విప్పగానే మొదట చేసే పని ఫూ అని ఊదడమే. పక్కనే పిల్లగాళ్లు నిలబడి చూసేవాళ్లు. యూరోపియన్ యూనియన్ దేశాలు 2005 నాటికి ఆస్బెస్టాస్‌ను దాదాపు పూర్తిగా నిషేధించాయి. మన దగ్గర అలాంటి నిషేధం రాలేదు.

మర్నాడు పొద్దున ముదీర్ వచ్చేసరికి ఉస్తాద్ ఆ రెండు షూలను ఆయన బల్ల మీద, హాజరు పుస్తకం పక్కన పెట్టి ఉంచాడు. ముదీర్ వాటిని వేలితో పక్కకు జరిపి, "ఖల్లీ వల్లీ ఉస్తాద్, పోనీలే, కొత్తవి వేసి పంపించు. మిగతావి బిగించి నడుపు, శనివారం కూడా బుకింగులున్నాయి" అన్నాడు. ఉస్తాద్ వాదించలేదు. సుద్దముక్క తీసుకుని బయటికి పోయాడు. నన్ను ఒక్కో బండి ఎక్కి పెడల్ పూర్తిగా తొక్కిపట్టమన్నాడు. తను వంగి బాణం చూసి, గీతకు ఇవతల ఉన్నవాటి సీటు మీద సున్నా, గీతను తాకినవాటి మీద అడ్డగీత, దాటినవాటి మీద ఇంటూ మార్కు పెట్టుకుంటూ పోయాడు. వరస చివరికి వచ్చేసరికి సున్నాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అప్పటికే కిరాయికి వచ్చినవాళ్లు రోడ్డు మీద కార్లు ఆపుతున్నారు. ఒక తెల్లావిడ ఇంటూ గుర్తున్న బండి చూసి, ఇదేంటి అని ముదీర్‌నే అడిగింది.

ముదీర్ మొహం చూడాల్సింది. ఆ రోజు సున్నా బండ్లు మాత్రమే బయటికి పోయాయి.

న్యాయంగా చెప్పాలంటే ఆయన మీద నాకు పెద్ద కోపం లేదు. పైన అర్బాబ్‌కు, అంటే యజమానికి, లెక్క చెప్పాల్సినవాడు. అయినా షూల కోసం మమ్మల్ని మొదట షార్జా ఇండస్ట్రియల్ ఏరియాకు పంపినప్పుడు, చవకవి తెమ్మన్నాడు. చవకవి తెచ్చాం. కొన్నాళ్లకే వాటిలో ఒకదాని లైనరు, వేడికి జిగురు వదిలి, షూ నుంచి అప్పడంగా ఊడొచ్చి డ్రమ్ములో అడ్డం పడింది. ఆ తర్వాత కంపెనీ షూలే వచ్చాయి, డబ్బాతో సహా. ఖరీదు చూసి ముదీర్ రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

అప్పట్నుంచి ఎండాకాలం వచ్చేదాకా నా పని దాదాపు అదే: ఒక్కో బండి విప్పడం, కట్టడం. మండు వేసవిలో మధ్యాహ్నం పూట ఆరుబయట పని చేయించకూడదని అక్కడి చట్టం. మాది రేకుల షెడ్డు కింద పని కాబట్టి చట్టం ఎట్లున్నా, ఆ వేళ పానా పట్టుకుంటే చెయ్యి కాలేది. అందుకని ఫజర్ నమాజు వేళకే మొదలుపెట్టి పదకొండుకు ఆపేవాళ్లం.

కట్టడంలోనే ఉస్తాద్ చెయ్యి తెలిసేది. షూలు తీసి కొత్తవి పెట్టడం ఎవరైనా చేస్తారు. ఆయన కామ్‌ను బయటికి లాగించేవాడు. చేతిని తీసేముందు దాని మీదా కామ్ కొస మీదా ఉన్న చుక్కలు చూసుకోవాలి. ఆ చుక్కలు కలవకుండా ఒక పన్ను అటుఇటుగా పెడితే బాణం అబద్ధం చెబుతుంది. కొత్త షూలు కూడా అరిగినట్టు చూపిస్తుంది, లేదా అరిగినవి కొత్తగా చూపిస్తుంది. కామ్‌ను ఎమ్రీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, అది కూర్చునే రంధ్రం తుడిచి, వేడికి కరగని గ్రీజు పలచగా రాయాలి. పలచగా అంటే నిజంగా పలచగానే. షూలు ఆనే చీల మీద బియ్యపు గింజంత. ఎక్కువైతే వేడికి పాకి లైనరు మీదికి పోతుంది, గ్రీజు పీల్చిన లైనరును పారెయ్యడం తప్ప దారి లేదు, పెట్రోలుతో కడిగినా లోపల ఉన్నది వేడికి మళ్లీ పైకి వస్తుంది. కామ్ చుట్టూ ఉండే గుడ్డ వాషరును నూనెలో తడిపి పెట్టాలి. స్ప్రింగులు పాతవి వెయ్యనిచ్చేవాడు కాదు. రెండు షూలనూ స్ప్రింగులతో కలిపి పుస్తకం మడిచినట్టు పట్టుకుని, చీల మీదా కామ్ మీదా ఆనించి రెండు అరచేతులతో అదిమితే టప్పుమని కూర్చుంటాయి. స్క్రూడ్రైవరుతో స్ప్రింగు లాగేవాడు కన్ను పోగొట్టుకుంటాడు.

డ్రమ్ము ఎక్కించేముందు సీలు పెదవికి గ్రీజు రాయాలి, మూత చుట్టూ రబ్బరు చుట్టు కొత్తది వెయ్యాలి, గాలి గొట్టం ఊది చూడాలి. గొట్టం లోపల పురుగులు గూడు కట్టిన బండ్లు కూడా దొరికాయి. ఇరుసు నట్టును లెక్క ప్రకారం బిగించే పానాతోనే బిగించి, కాటర్ పిన్ను కొత్తది వెయ్యాలి. ఇరవై పైసల పిన్ను పాతది వాడి చక్రం ఊడగొట్టుకున్న కథలు ఉస్తాద్ దగ్గర లారీలవి బోలెడు. చివర్లో ఆడించి సరిచూడటం: పెడల్ కొసన పదిహేను నుంచి ఇరవై మిల్లీమీటర్లు వదులు ఉండాలి, చేతి లివరుకూ అంతే. పెడల్‌కు సరిపెట్టి లివరు కేబుల్ మరీ బిగిస్తే బ్రేకు చెయ్యి పూర్తిగా వెనక్కి రాదు, షూ డ్రమ్మును రాస్తూనే ఉంటుంది. కాబట్టి రెండూ చూడాలి, చక్రం చేత్తో తిప్పి చూడాలి. ప్లేటు కింద నీళ్లు పోయే చిన్న బోల్టు ఒకటుంటుంది. బురద నీళ్లలో తిరిగి వచ్చిన బండికి దాన్ని విప్పి చూడాలి. అలాంటి బోల్టు ఉందని మా గైడ్లలో ఒక్కడికీ తెలియదు.

కడిగే పద్ధతి మాత్రం మారింది. ముదీరే చెప్పాడు, చక్రం నడుమ పంపు పెట్టొద్దని, బకెట్టూ గుడ్డా వాడమని. ఆర్మూరు అన్న నన్ను చూసి, "చూసినవా తమ్మీ, నువ్వు జెప్పినప్పుడు ఇనలే, ఆయన జెప్తె ఇన్న" అని నవ్వాడు. ఆయన పనికి ఇంకో గంట పెరిగింది, జీతం పెరగలేదు.

ఉస్తాద్ నాకంటే ముందే ఊరికి పోయాడు. మోకాళ్లు పనికి రాకుండా పోయాయి. పోయేముందు తన కొలత పానా నాకిచ్చాడు, ముదీర్ అది షెడ్డుదని రాయించుకున్నాడు. అలా పానా అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు కోరుట్లలో నాకు సొంత షెడ్డు ఉంది. నాలుగు చక్రాల ఆట బండ్లు ఇక్కడ లేవు. అనంతగిరి కొండల వైపు, వికారాబాద్ రిసార్టుల్లో ఉన్నాయి, ఒకసారి పిల్లలతో పోయినప్పుడు చూశాను. పిల్లలు ఎక్కుతామంటే ముందు నేను వంగి కుడి చక్రం దగ్గర చూశాను. బండి కిరాయికిచ్చే అబ్బాయి నన్ను పిచ్చివాడిలా చూశాడు.

నా దగ్గరికొచ్చేవి స్ప్లెండర్లు, షైన్లు, స్కూటర్లు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా బండ్లకు కలిపి పట్టే బ్రేకు తప్పనిసరి చేశారు, వెనక పెడల్ తొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది. మంచిదే. కాని వెనక డ్రమ్ము మారలేదు, కామ్ మారలేదు, బాణం మారలేదు. జనం మాటా మారలేదు. "జర బ్రేక్ టైట్ జెయ్యే, ఊరికి వోవాలె" అంటారు. బండి ఆపకుండా, దిగకుండా. పక్క షెడ్డుకు పోతే రెండు చుట్లు తిప్పి పంపేస్తారు, నేను విప్పుతానంటే గంట పడుతుందని మొహం మాడ్చుకుంటారు. కొందరు పోతారు కూడా. పోనీ అనుకుంటాను.

మీ ఇంట్లో డ్రమ్ము బ్రేకు బండి ఉంటే షెడ్డుకు పోనక్కర్లేకుండానే ఈ ఒక్కటీ చూడొచ్చు. వెనక చక్రం పక్కన, బ్రేకు రాడ్డు కలిసే చేతి దగ్గర వెతకండి, మట్టి తుడిస్తే బాణం కనిపిస్తుంది, దాని దగ్గరే గీత. దీనికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పెడల్ పూర్తిగా తొక్కిపట్టాలి, ఇంకొకరు వంగి చూడాలి. పెడల్ తొక్కకుండా చూస్తే, షూలు ఎంత అరిగినా, ఆ బాణం గీతకు దూరంగానే కనిపిస్తుంది.